ప్లేటు వెనుక మనిషి

మూడుసార్లు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన రాయ్ కాంపనెల్లా బ్రూక్లిన్ జట్టుకు ఆడింది పదేళ్లే. అంతకు ముందు పదేళ్లు వర్ణవివక్ష పాలయ్యాయి. ఆ తరవాత ఆడాల్సిన ఏళ్లను ఒక మంచురాత్రి మింగేసింది

అది 1959 మే 7 రాత్రి. లాస్ ఏంజిలిస్‌లోని కొలీసియం స్టేడియంలో 93,103 మంది కిక్కిరిసి కూర్చున్నారు. మేజర్ లీగ్ బేస్‌బాల్ చరిత్రలో అప్పటిదాకా ఏ మ్యాచ్‌కూ అంత జనం రాలేదు. నిజానికి ఆ మ్యాచ్ గెలుపోటములు ఏ లెక్కలోకీ రావు. డాడ్జర్స్, న్యూయార్క్ యాంకీస్ జట్ల మధ్య అదొక ప్రదర్శన పోటీ మాత్రమే. అయిదో ఇన్నింగ్స్ అయ్యాక ఆట ఆపారు. డాడ్జర్స్ మాజీ కెప్టెన్ పీ వీ రీస్ ఒక చక్రాల కుర్చీని తోసుకుంటూ మైదానంలోకి వచ్చాడు. స్టేడియంలో దీపాలన్నీ ఆర్పేశారు. ప్రేక్షకులు తలా ఒక అగ్గిపుల్లో, లైటరో వెలిగించి పట్టుకున్నారు. చీకట్లో గిన్నెలాంటి ఆ స్టేడియం చుట్టూ వేలాది చిన్న చిన్న మంటలు. కుర్చీలో ఉన్న 37 ఏళ్ల మనిషికి భుజాల కింద శరీరం దాదాపు స్వాధీనంలో లేదు.

అతని పేరు రాయ్ కాంపనెల్లా. చిత్రమేమిటంటే, అంతమంది లేచి నిలబడి గౌరవించిన ఆ నగరం తరఫున అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అతను ఆడింది అక్కడికి దాదాపు 4,000 కిలోమీటర్ల దూరంలో, న్యూయార్క్ నగరంలో భాగమైన బ్రూక్లిన్‌కు. అతను మంచం మీద ఉండగానే జట్టు ఊరు మార్చేసింది.

క్రికెట్‌కు అలవాటుపడిన మన కళ్లకు బేస్‌బాల్ క్యాచర్ అంటే వికెట్ కీపరే కదా అనిపిస్తుంది. అది సగమే నిజం. వికెట్ కీపర్ బౌలర్ వేసిన బంతిని చూసి పడతాడు. క్యాచర్ ఏ బంతి వేయాలో చెప్పి మరీ పడతాడు. బ్యాటర్ నిలబడే చోట నేలలో పాతిన తెల్లటి పలకను ప్లేటు అంటారు. దాని వెనుక గొంతుక్కూర్చుని, తొడల మధ్య వేళ్లు దాచి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న పిచర్‌కు సంకేతాలిస్తాడు. వేగంగా వేయాలా, వంపు తిప్పాలా, లోపలికా, బయటికా అన్నది ఆ వేళ్లే చెబుతాయి. మిగతా ఆటగాళ్లంతా ప్లేటు వైపు చూస్తూ నిలబడితే, మైదానమంతా కళ్లముందు కనిపించేది అతనొక్కడికే. ఒక బేస్ దగ్గరున్న రన్నర్ కన్నుగప్పి తరవాతి బేస్‌కు పరుగు తీశాడంటే, బంతి పట్టీ పట్టకముందే లేచి 127 అడుగుల దూరంలోని రెండో బేస్‌కు గురి తప్పకుండా విసరాలి. ముఖానికి ఇనప తొడుగు, ఛాతీకి మెత్త, కాళ్లకు కవచాలు. ఈ సరంజామాకు అమెరికన్లు పెట్టిన పేరు ‘అజ్ఞానపు పనిముట్లు’. బుద్ధి ఉన్నవాడెవడూ వాటిని ఒంటికి తగిలించుకోడని వేళాకోళం. వేళ్లు విరగడం, మోకాళ్లు అరగడం ఈ కొలువులో జీతంతోపాటు వచ్చేవే.

కాంపనెల్లా ఆ కొలువులో 15 ఏళ్లకే చేరాడు. 1921 నవంబర్ 19న ఫిలడెల్ఫియాలో పుట్టాడు. తండ్రి సిసిలీ నుంచి వచ్చిన ఇటాలియన్ కుటుంబం వాడు, కూరగాయలూ పళ్లూ అమ్మేవాడు. తల్లి నల్లజాతి స్త్రీ. వీధిలో పిల్లలు సంకరజాతి వాడని ఏడిపిస్తే ముష్టియుద్ధాలకు దిగిన బాల్యం అది. అమెరికా చట్టానికీ, సమాజానికీ మాత్రం అతని తండ్రి ఎవరన్నది పట్టలేదు. ఒంట్లో నల్ల రక్తం ఉంది కాబట్టి అతను నల్లవాడు. నల్లవాడు కాబట్టి మేజర్ లీగ్‌ల గడప తొక్కడానికి వీల్లేదు. ఎక్కడా రాసిపెట్టని ఈ నిషేధం 19వ శతాబ్దం చివరి నుంచి 1947 దాకా నడిచింది.

కనుక అతను నల్లజాతి వాళ్ల కోసం విడిగా నడిచే నీగ్రో లీగ్‌లలోకి వెళ్లాడు. 1937లో ఇలీట్ జెయింట్స్ జట్టులో చేరాడు. మరుసటి ఏడు ఆ జట్టు బాల్టిమోర్‌కు మారింది. అక్కడ అతనికి దొరికిన గురువు బిజ్ మాకీ. నీగ్రో లీగ్‌ల క్యాచర్లలో మేటి అనిపించుకున్న మాకీ, లేచి నిలబడకుండానే రెండో బేస్‌కు బంతి విసిరే నేర్పు ఉన్నవాడు. కుర్రాడికి అడుగులు వేయడం దగ్గర్నుంచి పిచర్ల మనసు చదవడం దాకా అన్నీ చెప్పాడు. బస్సులోనే నిద్ర, బస్సులోనే తిండి. రోజుకు రెండు మ్యాచ్‌లు ఆడటం మామూలు. ఒకసారి ఒకే రోజు నాలుగు మ్యాచ్‌లలో క్యాచర్‌గా కూర్చున్నానని కాంపనెల్లా తరవాత చెప్పుకునేవాడు. చలికాలం వస్తే కరీబియన్ దీవులు, మధ్యలో మెక్సికో. స్పానిష్ కూడా పట్టుబడింది. ఇలా తొమ్మిదేళ్లు గడిచాయి. ఇవాళ ఒక ఆటగాడి జీవితంలో ఇవే బంగారు సంవత్సరాలు.

1945 అక్టోబర్‌లో బ్రూక్లిన్ డాడ్జర్స్ అధినేత బ్రాంచ్ రికీ అతన్ని ఆఫీసుకు పిలిపించి గంటల తరబడి మాట్లాడాడు. నా దగ్గర ఆడతావా అన్నాడు. రికీ అప్పట్లో నల్లజాతి వాళ్లతో ‘బ్రౌన్ డాడ్జర్స్’ అనే మరో జట్టు పెడుతున్నాడని వాడుకలో ఉండేది. ఆ జట్టు గురించే అడుగుతున్నాడనుకున్న కాంపనెల్లా, నాకు ఇప్పటికే ఉద్యోగం ఉంది లెండి అని మర్యాదగా చెప్పి వచ్చేశాడు. కొద్దిరోజులకు హార్లెమ్‌లోని హోటల్లో పేకాడుతుండగా జాకీ రాబిన్సన్ అనే తోటి ఆటగాడు రహస్యంగా చెవిలో వేశాడు. తాను డాడ్జర్స్‌కు చెందిన మాంట్రియల్ జట్టుతో ఒప్పందం చేసుకోబోతున్నానని. అప్పుడుగానీ కాంపనెల్లాకు తాను కాదన్నది దేన్నో తెలియలేదు.

అదృష్టం కొద్దీ రికీ మళ్లీ కబురు పెట్టాడు. కానీ పంపడానికి చోటు కావాలి కదా. ఇల్లినాయి రాష్ట్రంలోని ఒక కింది స్థాయి లీగ్ నల్లవాళ్లు వస్తే తలుపులు మూసేస్తామంది. చివరికి 1946లో న్యూహాంప్‌షైర్‌లోని నాషువా అనే మిల్లుల పట్టణం ఒప్పుకుంది. పిచర్ డాన్ న్యూకోంబ్‌తో కలిసి కాంపనెల్లా అక్కడికి వెళ్లాడు. ఊళ్లో నల్లవాళ్లు దాదాపు లేరు. ఊరు మాత్రం వాళ్లను బాగానే చూసుకుంది. అక్కడి కోళ్లఫారం యజమాని ఒకాయన హోమ్‌రన్‌కు వంద కోడిపిల్లల చొప్పున బహుమతి ప్రకటించాడు. సీజన్ ముగిసేసరికి కాంపనెల్లా వెయ్యికి పైగా పిల్లలు గెలిచి, వాటిని ఫిలడెల్ఫియాలో ఉన్న తండ్రికి పంపించాడు. కూరగాయల వ్యాపారి ఆ దెబ్బతో కోళ్ల పెంపకంలోకీ దిగాడు.

ఆ సీజన్లోనే ఇంకొక సంఘటన జరిగింది. ఒకరోజు మేనేజర్ వాల్టర్ ఆల్‌స్టన్‌ను అంపైర్ మైదానం నుంచి బయటికి పంపేశాడు. వెళ్తూ వెళ్తూ అతను జట్టును కాంపనెల్లా చేతిలో పెట్టాడు. తెల్లవాళ్లు నిండిన జట్టుకు నల్లవాడి నాయకత్వం, అదీ 1946లో. కాంపనెల్లా న్యూకోంబ్‌ను బ్యాటింగ్‌కు దింపాడు. పిచర్‌ను బ్యాటర్‌గా దింపడమేమిటని జనం అనుకునేలోగా న్యూకోంబ్ హోమ్‌రన్ కొట్టాడు. మ్యాచ్ గెలిచారు.

1947లో రాబిన్సన్ బ్రూక్లిన్ చొక్కా తొడిగి గోడ బద్దలుకొట్టాడు. చరిత్ర పుస్తకాలన్నీ అక్కడే ఆగుతాయి, న్యాయమే. కానీ తలుపు తెరుచుకున్న తరవాత లోపలికి వచ్చేవాళ్ల పని కూడా సులువు కాదు. 1948 ఏప్రిల్ 20న కాంపనెల్లా తొలి మ్యాచ్ ఆడాడు. మేనేజర్ లియో డ్యూరోషర్‌కు అతను క్యాచర్‌గా వెంటనే కావాలి. రికీ ఆలోచన వేరు. మధ్య అమెరికాలోని ఒక కింది లీగ్‌లో ఇంకా నల్లవాడు అడుగుపెట్టలేదు, ఆ పని కాంపనెల్లాతో చేయించాలి. అందుకని అతన్ని సెయింట్ పాల్ జట్టుకు పంపేశాడు. తాను బాల్ ప్లేయర్నే తప్ప ఉద్యమకారుణ్ని కాదని కాంపనెల్లా గొణిగాడు. అయినా వెళ్లి, హోమ్‌రన్లు దంచి, జులైలో వెనక్కి వచ్చాడు. ఆనాటి నుంచి 1957 దాకా ప్లేటు వెనుక చోటు అతనిదే.

ఆ బ్రూక్లిన్ ఎలాంటిదో చెప్పకుండా ఆ పదేళ్లను అర్థం చేసుకోలేం. 1898లో న్యూయార్క్‌లో కలిసిపోయేదాకా అది విడి నగరం. కలిసిన తరవాత కూడా 27 లక్షల జనం తమది వేరే ఊరే అనుకునేవారు. నది అవతల మన్‌హాటన్ డబ్బున్నది, బ్రాంక్స్‌లో యాంకీస్ కప్పులున్నవాళ్లు. బ్రూక్లిన్‌కు ఉన్నది ఎబెట్స్ ఫీల్డ్ అనే ఇరుకు మైదానం, ఏటేటా ఆశపెట్టి ఏడిపించే ఒక జట్టు. యూదులు, ఇటాలియన్లు, ఐరిష్ వాళ్లు, దక్షిణాది నుంచి వలస వచ్చిన నల్లవాళ్లు పక్కపక్క సీట్లలో కూర్చుని అరిచేవారు. సగం ఇటాలియన్, సగం నల్లవాడు అయిన లావుపాటి క్యాచర్, కీచుగొంతుతో నిరంతరం కబుర్లు చెబుతూ, ఆ జనానికి సొంత మనిషిలా కనిపించడంలో వింతేముంది?

ఆటలో అతను చేసినదానికి అంకెలున్నాయి. 1951, 1953, 1955 సంవత్సరాల్లో నేషనల్ లీగ్ అత్యంత విలువైన ఆటగాడు. 1953లో 41 హోమ్‌రన్లు, జట్టుకు 142 పరుగులు చేర్చిన బ్యాటింగ్. క్యాచర్‌గా ఆడుతూ ఒక సీజన్లో కొట్టిన హోమ్‌రన్లలో అతని రికార్డును 1996 దాకా ఎవరూ దాటలేదు. విసరడంలో ఇంకా ఘనుడు. అతని మీద బేస్ దొంగిలించబోయిన ప్రతి వంద మందిలో 57 మంది దొరికిపోయారు. మేజర్ లీగ్‌ల చరిత్రలో అంతకు మించిన శాతం లేదు. కార్ల్ ఎర్‌స్కిన్ రెండుసార్లు, సాల్ మాగ్లీ ఒకసారి ప్రత్యర్థికి ఒక్క హిట్టూ ఇవ్వకుండా మ్యాచ్ ముగిస్తే, ఆ మూడింటిలోనూ వేళ్లతో సంకేతాలిచ్చింది అతనే. ఇంకో విశేషం. అదే ఊరి మరో జట్టు యాంకీస్‌కు యోగి బెరా అనే మరో ఇటాలియన్ సంతతి క్యాచర్ ఉండేవాడు. 1951లోనూ, 1955లోనూ రెండు లీగ్‌ల అత్యుత్తమ ఆటగాళ్లు ఈ ఇద్దరే. ఒకే నగరంలో ఇద్దరు క్యాచర్లు అలా దేశాన్ని పంచుకోవడం మళ్లీ జరగలేదు.

అంకెల్లో లేనిది ఒకటుంది. 1951 అక్టోబర్ 3న లీగ్ కిరీటం తేల్చే మ్యాచ్‌లో చివరి ఇన్నింగ్స్‌లో న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు బాబీ థామ్సన్ కొట్టిన హోమ్‌రన్ అమెరికా క్రీడాచరిత్రలోనే ప్రసిద్ధమైంది. ఆ బంతికి ప్లేటు వెనుక ఉన్నది కాంపనెల్లా కాదు. తొడ కండరం పట్టేసి అతను బయట కూర్చున్నాడు. బదులు రూబ్ వాకర్ కూర్చున్నాడు. కాంపనెల్లా ఉంటే రాల్ఫ్ బ్రాంకా చేత ఆ బంతి వేయించేవాడా అన్న చర్చ బ్రూక్లిన్ సెలూన్లలో ఎన్నేళ్లయినా ఆగలేదు. క్యాచర్ విలువ తెలిసేది అతను లేనప్పుడే కాబోలు.

యాంకీస్ చేతిలో 1947, 1949, 1952, 1953 వరల్డ్ సిరీస్‌లు వరసగా పోయాయి. 1955 అక్టోబర్ 4న ఏడో మ్యాచ్. నాలుగో ఇన్నింగ్స్‌లో కాంపనెల్లా రెండు బేస్‌ల హిట్ కొట్టి, గిల్ హాడ్జెస్ హిట్‌తో ఇంటికి చేరాడు. ఆ మ్యాచ్‌లో తొలి పరుగు అదే. 23 ఏళ్ల జానీ పాడ్రెస్ తొమ్మిది ఇన్నింగ్స్‌లూ అతని వేళ్లను చూస్తూ బంతులు వేశాడు. 2-0. బ్రూక్లిన్ గెలిచిన వరల్డ్ సిరీస్ అదొక్కటే.

రాబిన్సన్‌తో అతనికి పొసగలేదన్నది ఆ జట్టు చరిత్రలో కాస్త ఇబ్బందికరమైన అధ్యాయం. రాబిన్సన్ నిప్పు. అవమానాన్ని క్షణం భరించడు. కాంపనెల్లా నవ్వి ఊరుకునే రకం. మన దగ్గరకొచ్చిన భాగ్యాన్ని గొడవలతో పాడు చేసుకోకూడదన్నది అతని వాదం. అతను సర్దుకుపోతున్నాడని రాబిన్సన్‌కు కోపం. అయితే సర్దుకుపోవడం అన్న మాట ఎంతవరకు న్యాయం? సెయింట్ లూయీలో జట్టు దిగే హోటల్ చాలాకాలం నల్ల ఆటగాళ్లను రానివ్వలేదు. 1950ల నడిమిలో దిగొచ్చి, గదులిస్తాం గానీ భోజనశాలకు రావద్దంది. అదైనా ముందడుగేనని రాబిన్సన్ వెళ్లాడు. ఇన్నేళ్లూ మేం అక్కర్లేదన్నవాళ్ల గదులు మాకిప్పుడు అక్కర్లేదని కాంపనెల్లా వెళ్లలేదు. మెతక మనిషి ఎవరో, మొండి మనిషి ఎవరో ఆ పూట చెప్పడం కష్టం. తొమ్మిదేళ్లు బస్సుల్లో పడుకుని ఇక్కడిదాకా వచ్చినవాడికి ఆట పోతుందన్న భయం ఎలాంటిదో, యూనివర్సిటీలో చదివి నీగ్రో లీగ్‌లో ఒకే సీజన్ ఆడిన రాబిన్సన్‌కు పూర్తిగా తెలిసి ఉండకపోవచ్చు.

శరీరం అప్పటికే బాకీ వసూలు మొదలుపెట్టింది. 1954లో ఎడమచేతి ఎముక, నరం దెబ్బతిని బ్యాటు సరిగా పట్టలేకపోయాడు. 1955లో కోలుకున్నా తరవాతి రెండేళ్లు మళ్లీ దిగజారాడు. 1957 అక్టోబర్‌లో డాడ్జర్స్ యాజమాన్యం బ్రూక్లిన్‌ను వదిలి లాస్ ఏంజిలిస్ వెళ్తున్నట్టు ప్రకటించింది. అక్కడి కొలీసియంలో ఎడమవైపు సరిహద్దు కేవలం 250 అడుగులు. కుడిచేతి వాటంతో ఎడమవైపుకు బాదే కాంపనెల్లాకు అది వరమే. 36 ఏళ్లొచ్చినా ఇంకో రెండేళ్లు హాయిగా ఆడొచ్చని లెక్కలు వేశారు.

1958 జనవరి 28 తెల్లవారుజామున, హార్లెమ్‌లో ఉన్న తన మద్యం దుకాణం మూసి, కాంపనెల్లా లాంగ్ ఐలండ్‌లోని ఇంటికి బయల్దేరాడు. సొంత కారు మరమ్మతులో ఉంటే అద్దె షెవర్లే తీసుకున్నాడు. ఇల్లు ఇంకా కాస్త దూరం ఉందనగా మలుపులో మంచు మీద చక్రాలు జారాయి. కారు స్తంభాన్ని ఢీకొని తిరగబడింది. మెడలో వెన్నుపూసలు విరిగి వెన్నుపాము నలిగిపోయింది. 1961లో ఇంగ్లండ్‌లో కారు ప్రమాదంలో ఒక కంటి చూపు కోల్పోయిన మన పటౌడీ కొద్దినెలలకే టెస్ట్ ఆడాడు, మరుసటి ఏడే భారత కెప్టెన్ అయ్యాడు. కాంపనెల్లాకు అలాంటి దారి మిగల్లేదు. ఏప్రిల్‌లో డాడ్జర్స్ కాలిఫోర్నియాలో కొత్త సీజన్ మొదలుపెట్టినప్పుడు అతను ఆస్పత్రిలో కదలకుండా పడి ఉన్నాడు.

న్యూయార్క్‌లో డాక్టర్ హోవర్డ్ రస్క్ నడిపే పునరావాస కేంద్రంలో నెలల తరబడి సాధన చేశాక చేతులు కొంత స్వాధీనంలోకి వచ్చాయి. తన చేత్తో తినగలిగాడు, కరచాలనం చేయగలిగాడు, మాట్లాడుతూ చేతులు ఆడించగలిగాడు. కాళ్లు రాలేదు. కొలీసియం మ్యాచ్ వసూళ్లలో ఒక భాగం వైద్యం ఖర్చులకు అందింది. ఆ ఏడాదే ‘బతికుండటమే మేలు’ అనే అర్థమొచ్చే పేరుతో ఆత్మకథ వెలువడింది. పేరు చూసి అంతా సుఖాంతమనుకుంటే పొరపాటు. 1960లో భార్య రూత్‌తో విడిపోయాడు. ఆమె 1963లో చనిపోయింది. మర్నాటి ఏడు రాక్సీని పెళ్లాడాడు. తరవాతి మూడు దశాబ్దాలూ ఆ కుర్చీ వెనుక ఉన్నది ఆవిడే.

1969లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. రాబిన్సన్ తరవాత ఆ గౌరవం పొందిన రెండో నల్లజాతి ఆటగాడు. 1972 జూన్‌లో డాడ్జర్స్ అతని 39, రాబిన్సన్ 42, శాండీ కోఫాక్స్ 32 నంబర్లను ఇకపై ఎవరికీ ఇవ్వరాదని నిర్ణయించింది. అదే అక్టోబర్‌లో రాబిన్సన్ కన్నుమూశాడు. 1978లో కాంపనెల్లా కాలిఫోర్నియాకు మకాం మార్చి డాడ్జర్స్ సామాజిక సంబంధాల విభాగంలో చేరాడు. అంటే ప్రమాదం జరిగిన ఇరవయ్యేళ్లకు తన జట్టు ఉన్న ఊరు చేరాడు. ఏటా వసంతంలో ఫ్లోరిడాలోని వెరో బీచ్ శిక్షణ శిబిరంలో కుర్చీలో కూర్చుని కుర్ర క్యాచర్లకు పాఠాలు చెప్పేవాడు. బిజ్ మాకీ దగ్గర నేర్చుకున్నవే. 1993 జూన్ 26న, 71వ ఏట కన్నుమూశాడు.

కొలీసియం జనం రికార్డును 2008లో అదే మైదానంలో, అదే డాడ్జర్స్ జట్టు 115,300 మందితో దాటింది. ఇంకో లెక్క మారడానికి మరింత కాలం పట్టింది. నీగ్రో లీగ్‌లను మేజర్ లీగ్‌లుగా గుర్తిస్తున్నట్టు అమెరికా బేస్‌బాల్ అధికారులు 2020 డిసెంబర్‌లో ప్రకటించారు. 2024 మే నెలలో ఆ లీగ్‌లలో మిగిలిన రికార్డులను అధికారిక లెక్కల్లో కలిపారు. దశాబ్దాలపాటు కాంపనెల్లా పేరు ఎదుట తొలి మ్యాచ్ ఆడిన సంవత్సరం 1948 అని ఉండేది. అప్పటికి అతనికి 26 ఏళ్లు. ఇప్పుడు అక్కడ 1937 అని ఉంది.